చంకల్లో అతిచెమటకు చేసే వైద్యాలు: ఏది ఎంతవరకు సురక్షితం?

పాలకొల్లు_ఫార్మసిస్టు

ఎండలు ముదిరి వైశాఖ ముహూర్తాలు దగ్గరపడేసరికి మందుల షాపుల్లో చంకల చెమట గురించి అడిగేవాళ్లు ఎక్కువైపోతారండి. పెళ్లి కుదిరిన ఆడపిల్లలు, రోజంతా నలుగురి ముందు నిలబడి పనిచేసే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. ఒకప్పుడు రోల్‌ఆన్ ఇస్తే సరిపోయేది. ఇప్పుడు బొటాక్స్ సూదులు (చెమట గ్రంథులకి నరాల సంకేతం కొన్ని నెలలు అందకుండా ఆపేవి), మైక్రోవేవ్ మిషను, పార్లర్లో చేసే సూదుల మిషను, చెమట తగ్గించే మాత్రలు అంటూ పేర్లతో సహా అడుగుతున్నారు. తప్పు సమాధానం చెప్పి పంపకూడదని ఇక్కడ రాస్తున్నాను. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఒకటి, 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ లోషన్ తీసుకెళ్లినవాళ్లలో కొందరు రెండో రోజే మంటని తిరిగొస్తారు. లోపం మందుదా, వాడకానిదా? రెండు, బొటాక్స్‌లో అసలు ప్రమాదం ఎక్కడుంది? మూడు, మిషన్లతో చెమట శాశ్వతంగా పోతుందన్నది ఎంతవరకు నిజం? అన్నిటికన్నా ముఖ్యమైనది, మన డెల్టా ఉక్కలో చెమట ఆపేస్తే ఒంటికి వేడి చెయ్యదా అని పెద్దవాళ్లు అడుగుతారు. దానికి సూటిగా ఏం చెప్పాలి?

కాకినాడ_చర్మవైద్యం

ముందు లోషన్ సంగతి చెప్తానండి. మంటకి కారణం చాలావరకు వాడకమే. అల్యూమినియం క్లోరైడ్ తడి తగిలితే కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది, చర్మాన్ని మండించేది అదే. స్నానం చేసి సగం తుడుచుకున్న చంకలో రాసినా, పొద్దున్నే బస్సెక్కే ముందు రాసి చెమట పట్టించుకున్నా మండక మానదు.

రాత్రి పడుకునే ముందే రాయాలి. నిద్రలో ఈ రకం చెమట దాదాపు ఆగిపోతుంది, కాబట్టి మందు చెమట నాళాల మూతి దగ్గర గడ్డకట్టి బిరడాలా కూర్చోవడానికి అప్పుడే వీలు. రాసే ముందు స్నానం చెయ్యకపోవడమే మేలు. చేస్తే పొడి తువ్వాలుతో అద్ది, ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే పెట్టాలి. పల్చగా ఒక్క పూత చాలు, అదీ ఆరాకే చొక్కా వేసుకోవాలి. ఆరేడు గంటలుంచి పొద్దున కడిగెయ్యాలి. చెమట తగ్గేదాకా రోజూ రాత్రి, మామూలుగా వారం పది రోజులు. తగ్గాక వారానికి ఒకటి రెండు సార్లు. చాలామంది రెండు రాత్రులు రాసి పనిచెయ్యలేదని వదిలేస్తారు, లేదా తగ్గాక కూడా రోజూ పూస్తూ చర్మం పాడుచేసుకుంటారు.

షేవింగ్, వ్యాక్సింగ్, వెంట్రుకలు తీసే క్రీము, ఏది వాడినా ఆ తర్వాత 48 గంటలు ఈ లోషన్ ముట్టకూడదు. సీసాలో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి పొయ్యి దగ్గరా, దీపం దగ్గరా రాసుకోవద్దని కూడా చెప్పండి. పట్టుజాకెట్టుకి తగిలితే గుడ్డ చెడుతుంది, గొలుసులకీ మంచిది కాదు.

మంట వస్తే రెండు మూడు రోజులు ఆపి, 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము పొద్దున పూట పల్చగా కొద్ది రోజులు రాస్తే సరిపోతుంది. ఆ తర్వాత రోజు విడిచి రోజు మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలండి: మంటకీ దురదకీ క్లోబెటసోల్ అనే ఘాటైన స్టీరాయిడ్ కలిసిన క్రీములు ఇవ్వకండి. చంక మడత చర్మం పల్చన, లోపల మూసుకుని ఉండటంతో మందు మరీ ఎక్కువగా ఇంకుతుంది. కొన్ని వారాల్లోనే ఎర్రటి చారలు పడతాయి, అవి తర్వాత తెల్లబడతాయే గానీ పోవు. స్టీరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన ట్యూబులైతే ఇంకా చేటు. మన ఉక్కకి చంకలో తామర, కాండిడా అనే ఫంగస్, ఎరిత్రాస్మా అనే బ్యాక్టీరియా జబ్బు సర్వసాధారణం. స్టీరాయిడ్ పడితే తామర రూపం మారిపోయి, చూసే డాక్టరుకీ గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఎర్రగా అంచు కట్టి, పొట్టు రాలుతూ, దురదపెట్టే చంకకి ముందు దాని వైద్యం. చెమట మందైనా సూదులైనా ఆ తర్వాతే.

పటిక రుద్దుకోవడం వల్ల నష్టం తక్కువ, ఫలితమూ కొద్దిగానే. నిమ్మరసం, వంటసోడా మాత్రం వద్దే వద్దు. సోడా క్షారానికి చర్మం కాలి నల్లబడుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి మచ్చలు పడతాయి.

ఇంకొకటి, వచ్చినవాళ్ల బాధ చెమటా, వాసనా అన్నది అడగండి. చెమట మామూలుగానే ఉండి వాసన మాత్రం ఎక్కువైతే అది బ్యాక్టీరియా పని. బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ రెండు నిమిషాలుంచి కడుక్కుంటే చాలామందికి తగ్గుతుంది. రంగు తువ్వాళ్లు మాత్రం వెలిసిపోతాయి. ఇలాంటివాళ్లకి బొటాక్స్ దాకా వెళ్లాల్సిన పనేముందండి?

అమలాపురం_ఫిజీషియన్

వైద్యం కన్నా ముందు, ఇది మామూలు అతిచెమటేనా అన్నది తేల్చాలి. ఆరు నెలలకి పైగా, రెండు చంకల్లో సమానంగా, వారానికి కనీసం ఒక్కసారైనా, 25 ఏళ్ల లోపే మొదలై, నిద్రలో ఆగిపోతూ, పనికి అడ్డుపడుతూ, ఇంట్లో ఇంకెవరికైనా కూడా ఉంటే భయపడే రకం కాదు. ఇవన్నీ ఉండక్కర్లేదు, ఆరు నెలలు దాటి ఉండి మిగిలినవాటిలో రెండు మూడు కలిసినా నమ్మొచ్చు.

అలా కాకుండా రాత్రి పక్కబట్టలు తడిసేంత చెమట, జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష ముందు. చేతులు వణకడం, గుండెదడ, తింటున్నా సన్నబడటం ఉంటే థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్) చేయించాలి. షుగరు మందులు వాడేవాళ్లకి ఆకలితో, వణుకుతో చెమటలు పోస్తే అది షుగరు పడిపోవడం, అక్కడికక్కడే గ్లూకోమీటరుతో చూడాలి. ఒక్క చంకలోనే ఎక్కువైనా, నడివయసులో హఠాత్తుగా మొదలైనా పరీక్ష లేకుండా వదలకూడదు. వాడుతున్న మందులూ అడగండి. డిప్రెషన్‌కి వాడే సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్, వెన్లాఫాక్సిన్, నొప్పికి వాడే ట్రమడాల్, ఇవన్నీ చెమట పెంచుతాయి.

ఇక పెద్దవాళ్లు అడిగే ప్రశ్న. ఒంట్లో చెమట గ్రంథులు ఇరవై లక్షల పైమాటే. వాటిలో చంకల వాటా చాలా చిన్నది. అక్కడ మాత్రమే ఆపితే వీపు, ఛాతీ, నుదురు, కాళ్లు ఒంటిని చల్లబరుస్తూనే ఉంటాయి. వేడి చెయ్యదు. "విషం లోపలే ఉండిపోతుంది" అన్న భయమూ అక్కర్లేదు, ఆ పని కాలేయానిదీ మూత్రపిండాలదీ.

మాత్రల సంగతి పూర్తిగా వేరు. గ్లైకోపైరోలేట్, ఆక్సీబ్యూటినిన్ ఒళ్లంతటి చెమటనీ తగ్గిస్తాయి. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో, రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల పని మిట్టమధ్యాహ్నం, ఇటుకబట్టీలు సరేసరి. అలాంటి పనిలో ఉన్న మనిషి ఈ మాత్ర వేసుకుని ఎండలో దిగితే వడదెబ్బని కోరి తెచ్చుకున్నట్టే. మన దగ్గర గాలిలో తేమ వల్ల పట్టిన చెమట కూడా సరిగ్గా ఆరదు, ఒంటికి చల్లదనం ముందే తక్కువ. ఇక ఆ చెమటా లేకపోతే ఎలా? ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లకి, అవసరమైన రోజులకి మాత్రమే, ఆక్సీబ్యూటినిన్ 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి డాక్టరు పర్యవేక్షణలో పెంచడం ఒక పద్ధతి. నోరు ఎండటం దాదాపు అందరికీ ఉంటుంది. మలబద్ధకం, చూపు మసక కూడా రావచ్చు. గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి జబ్బు)లో యాంగిల్ మూసుకునే రకం ఉన్నవాళ్లకి, ప్రొస్టేట్ వాపుతో మూత్రం ఆగేవాళ్లకి, కండరాలు త్వరగా నీరసించే మయస్తీనియా గ్రావిస్ రోగులకి ఇవ్వకూడదు. డెబ్భై దాటినవాళ్లు వేసుకుంటే మతి తడబడొచ్చు. చీటీ లేకుండా ఈ మాత్రలు ఇవ్వకండి, మీకు దండం పెడతాను.

చంకకి పూసే గ్లైకోపైరోనియం తుడుపు గుడ్డల్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతించింది, అదే కోవకి చెందిన సోఫ్‌పైరోనియం జెల్‌ని 2024లో. పూతే అయినా కొంత రక్తంలోకి వెళ్తుంది. రాసుకున్న చేత్తో కన్ను నులిమితే కంటిపాప విప్పారి చూపు మసకేస్తుంది. సబ్బుతో చేతులు కడుక్కోవడం కూడా ఆ మందు వాడకంలో భాగమే అనుకోండి.

రాజమండ్రి_డీవీఎల్

బొటాక్స్ గురించి నేను చెప్తాను. చంకల అతిచెమటకి దీన్ని ఎఫ్‌డీఏ 2004లో ఒప్పుకుంది, అదీ పూతమందులతో తగ్గని తీవ్రమైన రకానికి. మొత్తం మోతాదు చంకకి 50 యూనిట్లు, రెండిటికీ కలిపి 100. ముఖంలో వాడే మోతాదులు, కండరాల జబ్బులకి వాడే మోతాదులు ఇక్కడ లెక్కలోకి రావు. కంపెనీ మారితే యూనిట్ల విలువా మారుతుంది. ఇదే రకం మందు, వేరే కంపెనీది అయిన డిస్‌పోర్ట్ యూనిట్, బొటాక్స్ యూనిట్ ఒకటి కావు. "వంద యూనిట్లు వేశాం" అంటే ఏ కంపెనీవని అడగాలి.

100 యూనిట్ల వయల్‌ని ప్రిజర్వేటివ్ లేని 4 ఎం.ఎల్. సెలైన్‌తో కలిపితే 0.1 ఎం.ఎల్.లో 2.5 యూనిట్లు వస్తాయి. వయల్ లోపల శూన్యం ఉంటుంది, సూది గుచ్చగానే సెలైన్‌ని అదే లాక్కోవాలి. లాక్కోకపోతే ఆ వయల్ పారెయ్యాలి. నెమ్మదిగా తిప్పాలి, గిలక్కొట్టకూడదు.

వేసే ముందు చెమట ఎక్కడ పడుతోందో గుర్తించాలి. చంక షేవ్ చేసి, 24 గంటలు రోల్‌ఆన్ మానేసి, పరీక్షకి ముందు అరగంట కదలకుండా కూర్చోవాలి. అయోడిన్ పూసి ఆరనిచ్చి, పైన పిండి జల్లుతారు. చెమట పట్టే చోట నల్లటి నీలం తేలుతుంది. అయోడిన్ అలర్జీ ఉందేమో ముందే అడగాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టి వెంట్రుకలున్న మేరకల్లా వేసేవాళ్లున్నారు. చెమట పట్టే చోటూ వెంట్రుకల చోటూ అందరికీ ఒకటే కాదు. "మందు పనిచెయ్యలేదు" అన్నవాటిలో ఇలా వదిలేసిన అంచులు చాలా ఉంటాయి.

సన్నటి 30 గేజ్ సూదితో, చర్మం లోపలే, సుమారు 2 మిల్లీమీటర్ల లోతుకి, 45 డిగ్రీల వాలుగా, ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడంలో 10 నుంచి 15 చోట్ల వెయ్యాలి. చిన్న బుడగలా తేలితే సరైన లోతు. లోతుకి పోతే మందు కొవ్వులో పడి వృథా, ఇంకా లోతైతే కండరానికి తగిలి చెయ్యి బలం తగ్గొచ్చు. పెన్నుతో పెట్టిన గుర్తు మీదనే గుచ్చకూడదు, సిరా చర్మంలోకి వెళ్లి పచ్చబొట్టులా ఉండిపోతుంది.

రెండు నాలుగు రోజుల్లో తగ్గడం మొదలై, రెండు వారాలకి పూర్తి ఫలితం వస్తుంది. ఆరేడు నెలలు ఉంటుందని చెప్పుకోవచ్చు, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. పెళ్లి ఉంటే కనీసం మూడు వారాల ముందు వేయించుకోవాలి. మిగిలిన అంచులుంటే రెండు వారాల తర్వాత సరిచెయ్యడానికి సమయం ఉంటుంది. ముందు రోజు వేయించుకుంటే చంకల్లో కమిలిన మచ్చలు తప్ప ఫలితం ఉండదు.

వేయకూడనివాళ్లు: చంకలో చీము, గడ్డలు, తామర ఉన్నవాళ్లు, మయస్తీనియా గ్రావిస్, లాంబర్ట్ ఈటన్ లాంటి నరం-కండరం జబ్బుల వాళ్లు. గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ వాయిదా వెయ్యాలి. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ సూదులు నడుస్తుంటే ఆగాలి, అవి ఈ మందు ప్రభావాన్ని పెంచుతాయి. 18 ఏళ్ల లోపు వాళ్లకి చంకల్లో దీని భద్రత రుజువు కాలేదు. వేయించుకున్నాక మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, రెప్పలు వాలినా, ఊపిరి ఆడకపోయినా క్లినిక్‌కి ఫోన్లు చేస్తూ కూర్చోకుండా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. చంక మోతాదుల్లో ఇది బహు అరుదు, అయినా మందు పెట్టె మీద ఈ హెచ్చరిక ఉంటుంది. గంటల్లోనూ రావచ్చు, వారాలకీ రావచ్చు.

భీమవరం_ప్రొసీజర్‌నర్స్

డాక్టరుగారు చెప్పనిది ఒకటి కలుపుతానండి. సూది వేసే చెయ్యి బాగున్నా మందు చెడిపోయి ఉంటే లాభం లేదు. వయల్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేసవిలో మన దగ్గర కరెంటు పోవడం కొత్త కాదు. ఫ్రిజ్‌కి ఇన్వర్టరుందా, లోపల థర్మామీటరుందా అని అడిగితే తప్పేం లేదు. మంచినీళ్ల సీసాలతో కలిపి తలుపు అరలో పెట్టే మందుని నమ్మలేం. బయటినుంచి తెప్పిస్తే ఐస్ ప్యాకులున్న డబ్బాలోనే రావాలి.

కలిపిన మందు ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లోపు వాడాలని లేబుల్ చెప్తుంది, ఒక వయల్ ఒక మనిషికే అని కూడా. ముహూర్తాల రోజుల్లో "ముగ్గురు కలిసొస్తే తగ్గింపు" అంటే ఒక్క వయల్‌ని ముగ్గురికి పల్చన చేస్తున్నారేమో అడగాలి. సీలు మీ ఎదుట తియ్యమనండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోటో తీసుకోండి, బిల్లు తీసుకోండి. నకిలీ బొటాక్స్ అమెరికాలోనే 2024లో బయటపడి జనం ఆసుపత్రుల పాలయ్యారు.

సూదులు వేసే గదిలో ఆక్సిజన్, తీవ్ర అలర్జీ వస్తే వెయ్యడానికి 1:1000 అడ్రినలిన్ ఆంపౌల్ ఉండాలి. మత్తు క్రీము రాస్తే గంట ముందు, చంక మేరకే రాయాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ మొద్దుబారుతుందని చేతులకీ వీపుకీ కూడా పులమకూడదు. అందులోని ప్రిలోకైన్ మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మోయలేక పెదవులు నీలంగా మారతాయి.

పార్లర్లో వేయించుకోవడం గురించి ఒక్కటే మాట. బొటాక్స్ అనేది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు. పార్లర్ అక్కకి ఎంత చేయి తిరిగినా అది ఆమె వెయ్యాల్సింది కాదు. వేసేవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. క్లినిక్‌కి జిల్లా వైద్యారోగ్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ గోడకి కనపడాలి.

తణుకు_ఎస్తెటిక్

ప్రతి ఆరు నెలలకీ సూదులు పొడిపించుకోవడం కన్నా మైక్రోవేవ్ ఒకసారి చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. చచ్చిన గ్రంథులు మళ్లీ పుట్టవు. మిరాడ్రై అనే మైక్రోవేవ్ పరికరానికి 2011లోనే ఎఫ్‌డీఏ అనుమతి ఉంది. చర్మాన్ని పీల్చి పట్టుకుని, పైన చల్లబరుస్తూ, 5.8 గిగాహెర్ట్జ్ తరంగాలతో గ్రంథులుండే పొరని మాత్రమే వేడిచేస్తుంది. రెండు విడతలు, మధ్యలో మూడు నెలల ఎడం.

రాజమండ్రి_డీవీఎల్

పరికరం మంచిదే, కాదనను. కానీ శాశ్వతమంటే నష్టమూ శాశ్వతం కావచ్చు. చంక లోపలే చేతికి వెళ్లే నరాల కట్ట ఉంటుంది. సన్నటి మనుషుల్లో చర్మానికీ నరానికీ మధ్య కొవ్వు పొర పల్చన. అందుకే మత్తుమందు కలిపిన సెలైన్‌ని చాలినంత ఎక్కించి చర్మాన్ని పైకి లేపాలి. అది తక్కువైతే వేడి నరానికి తగులుతుంది. వేళ్లు మొద్దుబారడం, చెయ్యి బలహీనపడటం వైద్య పత్రికల్లో నమోదైనవే. వాపు, గట్టి ఉండలు, చంక చుట్టూ స్పర్శ తగ్గడం కొన్ని వారాలు మామూలే. వెంట్రుకలూ రాలతాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి చెయ్యకూడదు. ఆ మత్తుమందు లిగ్నోకైన్, అంత మోతాదులో ఎక్కించే చోట దాని విషప్రభావానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అందుబాటులో ఉండాలి. నోటిచుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి మొదటి గుర్తులు, మంచం మీదున్న మనిషి అవి వెంటనే చెప్పాలి. నెలలోపు పెళ్లి పెట్టుకుని ఇది చేయించుకోవద్దు.

మిరాడ్రై పేరు చెప్పి వేరే మిషను వాడుతున్నారేమో కూడా చూసుకోవాలి. రేడియో తరంగాల సూదుల మిషను వేరు, దాని ఫలితాలు అంత నిలకడగా ఉండవు. సూది మొన తప్ప మిగతాదంతా ఇన్సులేషన్ ఉన్న రకమైతే పైచర్మం కాలే అవకాశం తక్కువ. లేనిదైతే మన చామనఛాయకి నల్లమచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. ఈ సూదుల మిషన్లతో కాలిన గాయాలు, మచ్చలు, నరాల దెబ్బలు వస్తున్నాయని ఎఫ్‌డీఏ 2025 అక్టోబరులో హెచ్చరించింది. వెంట్రుకలు తీసే లేజర్‌తో చెమట పోతుందన్నది నిజం కాదు, కొందరికి పెరుగుతుంది కూడా.

చెమట పుట్టించే నరాన్ని ఛాతీలో కత్తిరించే కీహోల్ ఆపరేషన్ ఒక్క చంకల కోసమైతే నేను సిఫారసు చెయ్యను. చంకలో ఆగిన చెమటకి బదులు వీపు, పొట్ట, తొడల్లో ధారలు కట్టడం చాలామందిలో జరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పే మార్గం లేదు. ఊపిరితిత్తి దెబ్బతినడం, కనురెప్ప వాలిపోవడం అదనపు ప్రమాదాలు.

పాలకొల్లు_ఫార్మసిస్టు

చాలా స్పష్టంగా చెప్పారండి, కౌంటరు దగ్గర అక్షరాలా ఇదే చెప్తాను. రెండు సందేహాలు మిగిలాయి. అల్యూమినియంతో రొమ్ము క్యాన్సరు, మతిమరుపు వస్తాయని వాట్సాప్‌లో తిరుగుతోంది, నమ్మొచ్చా? డయాలసిస్ మీదున్నవాళ్లు అడిగితే లోషన్ ఇవ్వొచ్చా? పైగా డబ్బు పెట్టలేనివాళ్లని ఎక్కడికి పంపాలి?

కాకినాడ_చర్మవైద్యం

క్యాన్సరుకీ, అల్జీమర్స్‌కీ ఈ పూతలు కారణమని రుజువు లేదు. చర్మం గుండా ఒంట్లోకి వెళ్లే అల్యూమినియం అత్యల్పం. మూత్రపిండాలు బాగున్నవాళ్లు ఆ కొద్దిపాటిని బయటికి పంపేస్తారు. బాగా దెబ్బతిన్నవాళ్లు పంపలేరు, అందుకే డయాలసిస్ రోగులకి నెఫ్రాలజిస్టుని (కిడ్నీ డాక్టర్ని) అడగకుండా ఇవ్వకండి.

కాకినాడ ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో, అంటే రంగరాయ వైద్య కళాశాల ఆసుపత్రిలో, చర్మవ్యాధుల విభాగం ఉంది. తామరా, మందుల దుష్ఫలితమా, థైరాయిడా అన్నది అక్కడ తేల్చుకోవచ్చు. అక్కడికి పంపేటప్పుడు వాడిన ట్యూబులన్నీ, ఖాళీ అయినవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లమనండి. వెళ్లే ముందు రోజు రాత్రి లోషన్ గానీ పౌడరు గానీ రాయవద్దని చెప్పండి. రాసుంటే చర్మం అసలు స్థితి కనపడదు, గీకి తీసే నమూనాలో కూడా పౌడరే వస్తుంది.